తెరపై తడబడిన లోలకం

పాఠశాలలలో కంప్యూటరుపై చూపే విజ్ఞాన ప్రదర్శనలను మనవారు సామాన్యంగా రెండు గుణాలను బట్టి మెచ్చుకుంటారు. బొమ్మ ముచ్చటగా ఉన్నదా? భాష తెలుగేనా? ఈ రెండూ కావలసినవే. కాని తెరపై బొమ్మ కదిలేటప్పుడు ఆ కదలిక నమ్మదగినదేనా అని అడిగేవారు అరుదు. ఉచితంగా పాఠశాలలకు పంచబడుతున్న ఒక లోలకపు ప్రోగ్రామును పరిశీలించిన తరువాత, ఈ ప్రశ్ననే ముందు అడగాలని నాకు తోచింది.

ఆ ప్రోగ్రామును నేను మొదట చూచినది పురానాపూల్ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో. పదవ తరగతి విద్యార్థి ఒకడు మీటరు పొడవు దారానికి ఇనుపగుండు కట్టి, 20 డోలనాలకు 40 సెకండ్లు పడుతున్నదని కొలిచాడు. తరువాత తెరమీది లోలకానికి కూడ మీటరు పొడవే ఇచ్చి, అదే స్టాపువాచితో కొలిచాడు. 48 సెకండ్లు వచ్చింది. నోటుపుస్తకంలో 40ని కొట్టివేసి 48 వ్రాసుకున్నాడు. ఎందుకు మార్చావని అడిగితే, "కంప్యూటరు తప్పు చెప్పదు గదండీ, నా చేయే తడబడి ఉంటుంది" అన్నాడు.

తడబడినది వాని చేయి కాదు. తెరపై లోలకం సాఫీగా ఊగక, అడుగడుగునా ఆగి గెంతుతున్నది. యంత్రం పాతదని, మెమొరీ చాలదని ఉపాధ్యాయుల నిర్ణయం. అప్పటికే చందా వేసుకొని మెమొరీ పెంచారు కూడ. గెంతులు తగ్గలేదు. అదే ప్రోగ్రామును మా కళాశాలలోని కొత్త యంత్రంపై నడిపి చూచాను. అక్కడ 20 డోలనాలు 37½ సెకండ్లలోనే ముగిశాయి. ఈ అంకెలను మనకు తెలిసిన సూత్రంలో వేస్తే, భూమ్యాకర్షణ త్వరణం పురానాపూల్‌లో 6.85, మా కళాశాలలో 11.23 అవుతుంది. నిజమైన విలువ 9.8 దరిదాపు. ఒకే నగరంలో ఇంత భేదం!

కారణం తెలియాలంటే తెరపై చలనం ఎట్లా పుడుతుందో కొంచెం చెప్పుకోవాలి. సామాన్యమైన తెర సెకండుకు 60 సార్లు కొత్త చిత్రాన్ని స్వీకరిస్తుంది. అనగా ఒక్కొక్క చిత్రానికి 16.67 మిల్లీసెకండ్ల గడువు. ప్రోగ్రాము ఆ గడువులో లోలకం స్థానాన్ని లెక్కగట్టి, బొమ్మ గీసి అందించాలి. గడువు తప్పితే తెర పాత చిత్రాన్నే మళ్లీ చూపుతుంది. కంటికి అదే తడబాటు.

ఈ ప్రోగ్రాము రచయితలు బొమ్మ గీసిన ప్రతిసారి సెకండులో 60వ వంతు గడిచిందని భావించి లోలకాన్ని జరిపారు. గడియారాన్ని చూడనే లేదు. పాత యంత్రం సెకండుకు 50 చిత్రాలే గీయగలిగింది. కనుక 40 సెకండ్ల పని 48 సెకండ్లు పట్టింది. తెరమూల ఒక చిన్న గడియారం కూడ ఉన్నది. అదీ చిత్రాలనే లెక్కిస్తున్నది కాబట్టి 40 సెకండ్లనే చూపుతుంది! రచయితలకు తమ పొరపాటు కనబడకపోవటానికి ఇదే హేతువనుకుంటాను.

కొత్త యంత్రం కథ వేరు. అక్కడ శక్తికి లోటు లేదు. ఐతే విండోసులోని సాధారణ టైమరు టిక్కులు సెకండుకు 64. ప్రోగ్రాము ఆ టిక్కులను అనుసరించి 64 చిత్రాలు గీస్తుంటే తెర 60 మాత్రమే చూపగలదు. మిగిలిన నాలుగు ఎవరి కంటా పడవు. కనుక లోలకం సెకండుకు నాలుగుసార్లు చిన్నగా ఎగురుతుంది. 60, 64 కంపనాల శ్రుతిదండాలను కలిపి మ్రోగిస్తే నాలుగు విస్పందనాలు వస్తాయని మనం తరగతిలో చెప్పే పాఠమే ఇది. ఎంత ఖరీదైన యంత్రం కొన్నా ఈ ఎగురుడు పోదు.

మరి పాత యంత్రానికి జబ్బేమిటి? దీనికి సులభమైన పరీక్ష ఉన్నది. ప్రోగ్రాము కనిపించే కిటికీని లాగి నాలుగోవంతుకు కుదించాను. వెంటనే గెంతులు తగ్గి, 48 సెకండ్లు 38 దరిదాపులకు దిగింది. కిటికీ వైశాల్యాన్ని బట్టి భూమ్యాకర్షణ మారటం న్యూటను ఊహించి ఉండడు! దీనివల్ల తేలినదేమంటే, భారం లోలకపు లెక్కలో లేదు, గీయటంలో ఉన్నది. వెనుక కొండలూ మబ్బులూ గల అందమైన చిత్రమొకటి పెట్టి, గుండు కదిలినప్పుడల్లా దానినంతా తిరిగి నింపుతున్నారు. 1920కి 1080 చుక్కల తెరలో ఇది 20,73,600 చుక్కల పని. గుండు కదిలిన మేరకు తిరిగి గీస్తే సరిపోయేది. చుక్కలు నింపే పనికి మెమొరీ చేర్చటం ఆకలికి తలనొప్పి మాత్ర వంటిది.

రచయితల కరపత్రంలో "సగటున సెకండుకు 56 చిత్రాలు" అని గర్వంగా ప్రకటించారు. సగటును నమ్మరాదు. ఒక సెకండులో 55 చిత్రాలు సకాలంలో వచ్చి, ఒక్కటి మాత్రం 83 మిల్లీసెకండ్లు నిలిచిపోయినా లెక్క 56కే వస్తుంది. కన్ను ఆ ఒక్క నిలుపుదలనే పట్టుకుంటుంది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ మీద నేడు కూరగాయలు అమ్ముతున్నారు. దాని కమానులలో ఒక్కటి కూలితే, తక్కినవన్నీ బాగున్నవని చెప్పి ఎవరినైనా దాటించగలమా? కావున ప్రతి చిత్రానికీ పట్టిన కాలాన్ని విడివిడిగా వ్రాసుకోవాలి. ప్రోగ్రాములో ఆ ఏర్పాటు లేనప్పుడు సెకండుకు 240 చిత్రాలు తీయగల చేతిఫోను చాలు. తెరను చిత్రించి మెల్లగా నడిపి చూస్తే, ఒక్కొక్క భంగిమ నాలుగేసి చిత్రాలలో కనబడాలి. ఎనిమిదింటిలో కనబడినచోట ఒక గడువు తప్పిందన్నమాట. ఈ పరీక్షను విద్యార్థులచేతనే చేయించవచ్చు. మా వాళ్లు సరదాగా చేశారు.

ఇంతగా తప్పుపట్టినా ఈ ప్రోగ్రాములో మెచ్చదగినవి లేకపోలేదు. డోలనపరిమితి, ఆవర్తనకాలం వంటి మాటలు పాఠ్యపుస్తకంలో ఉన్నవే వాడారు. గాలి నిరోధాన్ని పెంచి తగ్గించే వీలు కల్పించారు. అందుకే పైవన్నీ రచయితలకు వ్రాశాను. స్థానాన్ని నిజమైన గడియారాన్ని బట్టి లెక్కగట్టమని, గీయటాన్ని తెర లయకు జతపరచమని సూచించాను. ఒక హెచ్చరిక కూడ చేశాను. నిలుపుదల తరువాత మిగిలిన కాలాన్నంతా ఒక్క అంగలో దాటించబోతే లెక్క చెడి లోలకానికి లేని శక్తి వచ్చి పడుతుంది. ఆ కాలాన్ని చిన్న చిన్న సమాన భాగాలుగా చేసి దాటించాలి.

వారు మార్చి పంపిన ప్రతిని అదే పాఠశాలలో, అదే పాత యంత్రంపై నడిపాము. గెంతులు పూర్తిగా పోలేదు గాని 20 డోలనాలకు 40 సెకండ్లు పట్టింది. విద్యార్థి తన నోటుపుస్తకంలో 48ని కొట్టివేసి మళ్లీ 40 వ్రాసుకున్నాడు. "పట్టికను దాచు" అనే మీట నొక్కినప్పుడు మాత్రం లోలకం ఇంకా దాదాపు అరసెకండు గాలిలో నిలిచిపోతున్నది. ఫైలు వ్రాయటం ముగిసేదాకా బొమ్మ గీసే పనిని ఆపి ఉంచుతున్నారు. ఈ సంగతి కూడ వారికి వ్రాశాను.