వరిని మానుము, రాగిని తినుము: ఒక పథ్యోపదేశ విమర్శ

ఆహారమును గూర్చి హితము చెప్పువారికి మన సీమలో కొదువ లేదు. హోసూరు, డెంకణికోట, తళి, శూలగిరి, కృష్ణగిరి ప్రాంతములలో మధుమేహము సోకినవానికి మొదట లభించు ఉపదేశము ఒక్కటే: "వరియన్నము మానుము, రాగి తినుము." వైద్యుడును, పొరుగువాడును, పెండ్లికి వచ్చిన బంధువును ఇదియే చెప్పుదురు. కొన్ని దశాబ్దములకు పూర్వము ఇట్టివారే "గోధుమరొట్టె తినుము" అనుచుండిరి. ధాన్యము పేరు మారినది గాని ఉపదేశపు తీరు మారలేదు. ఇందు సత్యమెంత, లోపమెంత యని విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

పూర్వము సేలము జిల్లాలోనిదై, 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికిని వచ్చిన ఈ సీమకు రాగి క్రొత్తది కాదు. బాలాఘాటని పేరుపొందిన హోసూరు మెట్టయందును, బారామహలునకు చేరిన కృష్ణగిరి ప్రాంతమందును వాననమ్ముకొన్న ఎఱ్ఱనేలలపై తరతరములుగా పండినది రాగియే. పాతరలో పోసిన రాగులు ఏండ్ల తరబడి చెడక నిలిచి కరవుకాలమున ప్రాణము నిలిపెడివి. మన పొరుగుననున్న కన్నడ సీమలో కనకదాసు 16వ శతాబ్దిలో రచించిన "రామధాన్యచరిత్రె"లో వరికిని రాగికిని వివాదము కల్గగా, శ్రీరాముడు రెంటిని ఆరునెలలు చెఱయందుంచి, చెడక నిలిచిన రాగినే మెచ్చినట్లున్నది. అది పేదవాని ధాన్యమునకు గౌరవము కూర్చిన కావ్యము. అందు పరీక్షింపబడిన గుణము నిలువయుండుట. ఆ కీర్తిని నేడు రోగనివారణశక్తిగా భావించుట తగదు.

ధాన్యముల గుణమును పోల్చుటకు అంకెలు కలవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహారపదార్థముల పట్టికను బట్టి నూరు గ్రాముల రాగులలో సున్నము, అనగా కాల్షియము, 364 మిల్లీగ్రాములు. మరపట్టిన బియ్యమున సుమారు 7 మాత్రమే. పీచు రాగిలో 11 గ్రాములు, బియ్యమున 3 గ్రాములకు లోపు. ఇంతవరకు రాగిని పొగడినవారు సత్యమే చెప్పిరి. అయితే పిండిపదార్థము రాగిలో సుమారు 67 గ్రాములు, బియ్యమున 78. భేదము కలదు గాని జనులు తలచునంత కాదు. మాంసకృత్తుల విషయమున రాగి సుమారు 7 గ్రాములతో బియ్యము కంటె కొంచెము వెనుకనే యున్నది. ఉలవలలో నవి 22 గ్రాములకు చేరువ. రాగి బలమని మనము చెప్పుకొను బలములో పెద్ద పాలు ప్రక్కనున్న ఉలవచారుదేమో ఆలోచింపవలెను.

పూర్వుల భోజనమును స్మరింతము. సంగటితోపాటు ఉలవచారు, అనపగింజలను నానబెట్టి తోలు పితికి వండిన పితికిపప్పు, చేనిగట్ల ఆకుకూర, మజ్జిగ – ఇవన్నియు కలిసి ఒక భోజనము. పిండి తిరుగలిలో విసరినది. తినువాడు మడక దున్నువాడు, కపిల తోలువాడు. నేటి ఉపదేశము ఈ సముదాయమునుండి సంగటిని మాత్రము ఏరి తీసి, మిగిలినదానిని విడిచిపెట్టినది.

ఇట్టి పొరపాటు ఎంత ప్రమాదకరమో మన తెలుగువారి చరిత్రయే చెప్పగలదు. గత శతాబ్ది తొలిపాదమున ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన నారంభించిన మెకారిసను ప్రభృతులు ఈ వ్యాధికిని బియ్యమునకును గల సంబంధమును పరిశీలించిరి. అంతకు ముందే జావాద్వీపమున ఐక్మను, తెల్లని బియ్యము తిన్న కోళ్లకు ఇట్టి రోగము కల్గుటయు, తవుడుతో అది కుదురుటయు కనుగొనియుండెను. సర్కారువారు తినునది మరపట్టిన పచ్చిబియ్యము. దక్షిణమున వడ్లను ఉడికించి దంచిన ఉప్పుడు బియ్యము తినువారిని ఈ వ్యాధి అంతగా బాధింపలేదు. వడ్లను ఉడికించునపుడు తవుడునందలి థయామిన్ గింజలోనికి దిగి, మరపట్టినను కొంత నిలుచును. ఇరువురిదియు వరియే, భేదము గింజను సంస్కరించిన విధానమున కలదు. ఆనాడు "వరిని మానుము" అని మాత్రము చెప్పి ఊరకున్నచో వ్యాధికి మూలము తెలిసెడిది కాదు. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, నేటి పోషకాహార సంస్థయైనది.

నాడు వరికి పట్టిన గతి నేడు రాగికిని పట్టుచున్నది. మెత్తగా మరపట్టి జల్లించిన పిండి, పంచదార కలిపిన మాల్టు, రాగి బిస్కత్తు – వీనియన్నిటిపైని రాగి పేరే యుండును. పిండి మెత్తనైన కొలది అందలి పిండిపదార్థము త్వరగా జీర్ణమై రక్తమున చక్కెరను వేగముగా పెంచును. పేరు చూచి కొన్నవానికి దక్కునది పేరే.

2025లో వెలువడిన భారతీయ వైద్య పరిశోధన మండలివారి సర్వేక్షణము ఈ సంగతినే విశదము చేసినది. 1,21,000 మందికి పైగా జనుల ఆహారమును పరిశీలింపగా, మనవారు శక్తిలో నూటికి 62 పాళ్లు పిండిపదార్థములనుండియే పొందుచున్నారని తేలెను. తెల్లబియ్యమునకు బదులు గోధుమపిండినో చిరుధాన్యపు పిండినో ఉంచి, మొత్తము తగ్గింపనిచో మధుమేహభయము తగ్గినట్లు కానరాలేదు. పిండిపదార్థమున కొంత తగ్గించి ఆ స్థానమున పప్పులు, పాలు, గ్రుడ్లు, చేపలవంటి వానినుండి మాంసకృత్తులు చేర్చుకొన్నవారియందే భయము తక్కువగా కానవచ్చెను. ఇది జనులను గమనించి చేసిన సర్వేక్షణమే గాని చికిత్సాపరీక్ష కాదు. ఐనను ఉపదేశకులు దీనిని లెక్కింపక తప్పదు. 2024లో హైదరాబాదు సంస్థవారు వెలువరించిన మార్గదర్శకములందును ధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 పాళ్లు మించరాదనియున్నది. ఆ ధాన్యములలో చిరుధాన్యములును చేరియున్నవి.

"రాగి తినుమనుటవలన వచ్చు హాని యేమి?" అని కొందరు ప్రశ్నింపవచ్చును. హాని కలదు. వరియన్నము మానితినన్న ధైర్యముతో పలుచని చారుతో రెండు పెద్ద ముద్దలు తినువాడు తాను పథ్యములోనే యున్నానని నమ్మును. చక్కెర తగ్గకున్న మందును నిందించును, లేదా మానివేయును. మరియొకడు మాత్రలు వేసికొనుచు, ఇన్సులిన్ పొడిపించుకొనుచు, ఎవరితో చెప్పక ఆహారమును ఒక్కసారిగా తగ్గించి, చక్కెర పడిపోయి ప్రాణాపాయమునకు లోనగును. 2023లో ప్రకటింపబడిన లెక్కను బట్టి దేశమున మధుమేహరోగులు పది కోట్లకు పైగా కలరు. ఇంతమందికి చెప్పు మాట అరకొరగా నుండరాదు.

మరియొక విషయము. మన సీమవారు రాగిని విడుచుట కేవలము నాలుక చాపల్యముచేత కాదు. 1957లో కృష్ణగిరి జలాశయము వెలసెను. 1970ల నుండి హోసూరున సిప్‌కాట్ పారిశ్రామికవాడ పెరిగి, మడక దున్నిన చేతులు యంత్రముల చెంతకు చేరెను. 2008లో చౌకదుకాణపు బియ్యము కిలో ఒక రూపాయికి దిగి, 2011 నుండి ఉచితమయ్యెను. ఆకలి తీర్చిన ఆ బియ్యమును నిందించుట అన్యాయము. కాని ఇంటికి బియ్యము బస్తాతో వచ్చి, పప్పు కిలోతో వచ్చునపుడు, కంచమున అన్నము మిగిలి పప్పు తరుగుట వింత కాదు. 2023లో పొరుగుననున్న ధర్మపురి జిల్లాలోను, నీలగిరిలోను రెండు కిలోల బియ్యమునకు మారుగా రాగులిచ్చు పద్ధతి మొదలయ్యెను. మంచిదే, కాని ఇదియు ధాన్యమునకు ధాన్యమే. ఉలవలు, అనపగింజలు చౌకగా దొరికిననే ఆ పథకమునకు ఫలము నిండును.

కావున పథ్యము చెప్పువారు ధాన్యము పేరుతో నిలిచిపోక, పిండి ఎట్టిది, ముద్ద ఎంత, ప్రక్కన నేమున్నది, తినువాడు చేయు పని యెట్టిది, వేసికొను మందేది యని అడిగి చెప్పవలెను. ఆ మాట రోగికి తెలిసిన భాషలో, వాని వంటింటి కొలతలతో చెప్పవలెను. మన తెలుగు సంఘములు ఈ సీమ వృద్ధస్త్రీలకు తెలిసిన పితికిపప్పు, ఉలవచారు, ఆకుకూరల పాకములను వ్రాయించి, పోషకాహారము తెలిసినవారిచే పరీక్షింపజేసి, చిన్న పుస్తకముగా ఇంటింటికి పంచినచో అది ప్రయోజనకరమైన పని యగును. పెద్దలు దీనిని ఆలోచింతురు గాక.