మర్మతత్త్వాల అర్థనిర్ణయం: ప్రతీకల పట్టికకు ఆవల

సారాంశం: దక్షిణ తెలంగాణ భజన బృందాలు పాడే మర్మతత్త్వాలకు పరిశోధకులు తరచుగా ప్రతీకల పట్టిక ఆధారంగా అర్థం చెబుతుంటారు. ఆ పద్ధతి ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ పాటకు అన్యాయం చేస్తుందో ఈ వ్యాసం చర్చిస్తుంది. బోధ సంప్రదాయం, వృత్తి జీవితం, పాడే సందర్భం అనే మూడింటిని కలిపి చూడాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మర్మతత్త్వం, అచల సంప్రదాయం, ఎరుక, బయలు, ప్రతీక, ఆత్మకూరు.

1. ప్రవేశిక

కృష్ణానదికి చేరువలోని ఆత్మకూరు ఒకనాటి సంస్థాన కేంద్రం. గద్వాల, వనపర్తి సంస్థానాలతో పాటు పండిత పోషణకు పేరుపొందింది. తిరుపతి వేంకట కవులు దర్శించిన సంస్థానాలలో ఇదొకటి. అటువంటి ఆస్థానాలలో గూఢార్థ పద్యం పండితునికి పరీక్ష. శ్లేషను విడదీసి, అన్వయం కుదిర్చి, నిఘంటువు సాక్ష్యం చూపితే చిక్కు విడిపోతుంది. విప్పినవారికి సన్మానం దక్కుతుంది.

అదే నేలమీద, ఆస్థానాల వెలుపల, మరొక గూఢవాక్కు వర్ధిల్లింది. అదే తత్త్వం. పాలమూరు ప్రాంతంలో మన్యంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసుల కీర్తనల వలెనే, నల్లగొండ జిల్లా చింతపల్లికి చెందిన దున్న ఇద్దాసు తత్త్వాలు కూడా భజనపరుల నోట నిలిచాయి. తత్త్వాలలో కొన్ని తేటగా నీతిని బోధిస్తాయి. మరికొన్ని నీటిలో నిప్పును, కాళ్ళు లేనివాని నడకను చూపి వినేవారిని నిలవేస్తాయి. వీటినే మర్మతత్త్వాలంటున్నాం. బౌద్ధ చర్యాపదాల సంధ్యాభాష, కబీరు ఉలట్‌బాంసీలు, అల్లమప్రభువు బెడగిన వచనాలు వీటికి దగ్గరి బంధువులు.

ఆధునిక రాక్ గీతాలకు కూడా ఈ చిక్కు ఉంది. తాను చదివిన పాఠశాలలో తమ పాటలకు అర్థాలు వెదుకుతున్నారని ఒక విద్యార్థి లేఖ ద్వారా తెలిసిన జాన్ లెనన్, వ్యాఖ్యాతలను తికమకపెట్టే ఉద్దేశంతో 1967లో ‘ఐ యామ్ ది వాల్రస్’ పాటలో పొంతనలేని మాటలు పేర్చాడు. తత్త్వకవి ఉద్దేశం వేరు. శిష్యుడు గురువు వద్దకు వెళ్ళి అడిగి తెలుసుకోవాలనే అతడు అర్థాన్ని మరుగుపరుస్తాడు. అయినా రెండు చోట్లా ఒక ప్రశ్న ఉమ్మడిగా మిగులుతుంది. అర్థం పూర్తిగా తెలియకుండానే ఏళ్ళ తరబడి పాడుకునేవారికి పాట ఏమి ఇస్తోంది?

2. సంఖ్యలు: పట్టిక పరిమితి

తొమ్మిది వాకిళ్ళ ఇల్లు అంటే దేహమని చెప్పడానికి భగవద్గీత ఐదవ అధ్యాయం నుంచే ఆధారం ఉంది. ఇక్కడ పట్టిక సరిపోతుంది. అయితే ఐదు అనగానే జ్ఞానేంద్రియాలనీ, ఆరు అనగానే అరిషడ్వర్గమనీ రాసుకుంటూ పోవడంతోనే చిక్కు మొదలవుతుంది. ఐదు పంచభూతాలు కావచ్చు, పంచప్రాణాలు కావచ్చు. ఆరు షట్చక్రాలు కావచ్చు. మూడు గుణాలు కావచ్చు, నాడులు కావచ్చు. వీటిలో ఏది తగునో సంఖ్య చెప్పదు. పాటలోని క్రియ చెబుతుంది. ఇల్లు దోచిన ఐదుగురైతే ఇంద్రియాలు కుదురుతాయి. ఇల్లు కట్టిన ఐదుగురైతే పంచభూతాలే కుదురుతాయి. పల్లవిలో చెప్పిన అర్థం చరణాలన్నింటా నిలుస్తున్నదా అని చూడడం ప్రాథమిక పరీక్ష.

3. ఎరుక, బయలు: సంప్రదాయ భేదం

ఒకే మాటకు సంప్రదాయాన్ని బట్టి విలువ తలకిందులయ్యే సందర్భాలున్నాయి. ‘నాకు ఎరుకే’ అనడం తెలంగాణలో నిత్యవ్యవహారం. వేదాంత గీతాలలో ఎరుక జ్ఞానమే, పొందదగినదే. అచల సంప్రదాయంలో ఎరుక అంటే ‘నేను’ అనే స్ఫురణ. అది తోచి అణగిపోయేది కనుక విడువదగినది. కదలిక లేని పరిపూర్ణమే బయలు. ఊరి బయలును రోజూ చూసే శ్రోతకు ఆ మాట పరిచితమే. దానిమీద మోపిన తాత్త్విక భారం మాత్రం గురుబోధ వల్లనే తెలుస్తుంది. కాబట్టి కవి ఏ గురుపరంపరకు చెందినవాడో నిర్ణయించకుండా ‘ఎరుక అనగా జ్ఞానం’ అని వ్యాఖ్యానిస్తే, విడువమన్నదానిని పొందమని చెప్పినట్లవుతుంది.

4. తోలుతిత్తి: ప్రతీక, పనిముట్టు

దేహాన్ని తోలుతిత్తిగా చెప్పడం తత్త్వాలలో పరిపాటి. పట్టికలో దీని ఎదుట ‘శరీరం’ అని ఉంటుంది. ఆ అర్థం తప్పు కాదు, చాలదు. తిత్తి కమ్మరి కొలిమి వద్ద గాలి ఊదే పనిముట్టు. తోలును శుభ్రపరచి, కోసి, కుట్టే చేతులను సమాజం అంటరానివిగా చూసింది. ఆ కులంలో పుట్టిన గాయకుడు అందరివీ తోలుతిత్తులేనని పాడినప్పుడు, దేహం అనిత్యమన్న బోధతో పాటు ‘మీరు మోస్తున్నదీ తోలే కదా’ అన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది.

కేవల యోగపరమైన వ్యాఖ్య ఈ ప్రశ్నను మాయం చేస్తుంది. కేవల సామాజిక వ్యాఖ్య సాధకుని అనుభవాన్ని నిరసనకు ముసుగుగా కుదిస్తుంది. కింది కులాల తత్త్వకవుల విషయంలో ఈ రెండు లోపాలూ వారి వ్యక్తిత్వంలో సగాన్ని చెరిపివేస్తాయి. వృత్తిలోని వస్తువు వస్తువుగా నిలిచి ఉంటేనే ప్రతీకకు బలం.

5. పాడే సందర్భం

తెలంగాణ పల్లెలలో మరణం సంభవించిన ఇంట రాత్రంతా భజనపరులు తత్త్వాలు పాడడం ఆచారం. తొమ్మిది వాకిళ్ళ ఇంటిని విడిచిపోయినవాని గురించిన పాట శవం పక్కన వినిపించినప్పుడు, నవరంధ్రాల లెక్క తెలియని శ్రోతకు కూడా అర్థం అందుతుంది. అదే పాట గురుపూజ నాడు సాధకునికి హెచ్చరిక అవుతుంది. తాళం మీద పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంటే ప్రతి చరణం తరువాతా దాని భావం కొంత మారుతుంది. ముందు అడిగిన ప్రశ్నకు సమాధానం కొంతవరకు ఇక్కడ ఉంది. పాడేవారు అర్థం కోసం వేచి ఉండరు. పాట వారి బతుకు ఘట్టాలతో కలిసి ఏళ్ళ మీద అర్థమవుతూ వస్తుంది.

6. ముగింపు

మర్మతత్త్వానికి ఏ అర్థమైనా చెల్లుతుందని ఈ చర్చ ఉద్దేశం కాదు. క్రియకు కుదరని అర్థాన్ని, పరంపరకు విరుద్ధమైన అర్థాన్ని నిరాకరించవలసిందే. ఆ రెండు పరీక్షలకూ నిలిచిన అర్థాలు ఒకటికి మించి ఉంటే వాటిని పక్కపక్కనే నమోదు చేయడం విమర్శకుని బాధ్యత. క్షేత్రపర్యటనలో పాఠంతో పాటు గాయకుని గురుపరంపర, వృత్తి, పాడిన సందర్భం, అతడు స్వయంగా చెప్పిన అర్థం రాసుకోవాలి. పాఠభేదాలను తప్పులుగా దిద్దకూడదు. పాఠాన్ని అచ్చులో చూసుకోవచ్చు. దానిని పాడిన వృద్ధ గాయకులు చెప్పే అర్థం మాత్రం వారితోనే పోతుంది. అందువల్ల సేకరణలో మొదటి స్థానం దానికే ఇవ్వాలి.