పింగ్‌కిలో మా పక్క ఊరే

సింగపూర్ చైనాటౌన్ నడిబొడ్డున పగోడా స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. మా అమ్మాయి మొదటిసారి అక్కడికి తీసుకెళ్లినప్పుడు పగోడా ఎక్కడుందా అని తలెత్తి వెతుక్కున్నాను. కనిపించింది మారియమ్మన్ గుడి గోపురం. 1827లో మొదలైన గుడి అది. ఆ గోపురాన్ని చూసే వీధికి పగోడా అని పేరు పెట్టారట. చైనావాళ్ల వీధికి మన దక్షిణాది గోపురం పేరు! అప్పుడే అనుకున్నాను, ఇవాళ పిల్లలకి చెప్పడానికి ఒక కబురు దొరికిందని.

ఆ వీధిలోనే మూడు పాత ఇళ్లు కలిపి చైనాటౌన్ హెరిటేజ్ సెంటర్ అని మ్యూజియం పెట్టారు. 2002లో తెరిచారు. మ్యూజియం అనగానే మనవడు మొహం మాడ్చాడు. వాడికి పదకొండేళ్లు, దేనికైనా సరే ముందు మొహం మాడ్చే వయసు. చెల్లెలికి ఏడు. అది మాత్రం నా వేలు పట్టుకుని ముందుకు లాగింది.

లోపల పింగాణీ కలశాలూ రాజుల కత్తులూ ఉంటాయనుకుంటే కింద ఒక దర్జీ కొట్టు ఉంది. ఇరుకు మెట్లెక్కితే చీకటి నడవ, దానికి అటూ ఇటూ చెక్క గదులు. 1950లలో వలస వచ్చిన చైనా జనం ఎలా కాపురం చేశారో అలాగే సర్ది పెట్టారు. ఒక్కో గదిలో మంచం వేస్తే మనిషి నిలబడేంత చోటే మిగులుతుంది. అందరికీ కలిపి ఒకే వంటిల్లు, ఒకే దొడ్డి. కెంపురంగు గుడ్డ తలకు చుట్టుకుని ఇళ్ల కట్టుబడికి మట్టి మోసిన సంసూయ్ ఆడవాళ్ల కథ కూడా చెబుతారు. చిన్నది ఒక గది ముందు నిలబడి రెండు చేతులూ చాపి కొలిచి చూసుకుని అడిగింది: "అమ్మమ్మా, వీళ్లు స్కూల్ బ్యాగ్ ఎక్కడ పెట్టుకునేవాళ్లు?"

గోడ మీద రాసినదంతా చదివినా నాకు తట్టని ప్రశ్న అది. మావైపు వాళ్లు ఒకప్పుడు రంగూన్ పోయి, దాన్ని రంగం అని పిలుచుకుని, ఇలాంటి బసల్లోనే ఒకరి మీద ఒకరు పడుకుని కూలి చేశారు. వాళ్ల బసను ఇలా నిలబెట్టి పిల్లలకి చూపించిన చోటు నేనెక్కడా చూడలేదు. ఆ మాట చెప్పబోతుంటే మనవడు అడ్డొచ్చాడు. "అమ్మమ్మా, మన ఏలూరులో చైనా ఉందా?"

"లేదురా," అన్నాను. నలభై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మనిషిని, ఆలోచించకుండా అన్న మాట అది.

మేం బళ్లో చదువుకునే రోజుల్లో మమ్మల్ని ఒక మ్యూజియానికి తీసుకెళ్లారు. పేరు చెప్పను. బెత్తం పట్టుకున్న ఒకాయన వెనకే నడుస్తూ, అద్దం మీద వేలు పడితే చాలు టక్కున కొట్టేవాడు. ఆ రోజు చూసినవాటిలో నాకు ఒక్కటీ గుర్తులేదు. బెత్తం చప్పుడు మాత్రం గుర్తుంది. తర్వాత నేను టీచరునయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి నడిపించడంలో నాకూ మంచి పేరే వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డిసెంబరు సెలవులకి పిల్లలు ఏలూరు వచ్చారు. వాళ్లు వచ్చేలోపు నేను కొంచెం చదువుకున్నాను. మనవడికి అన్న మాట వెనక్కి తీసుకోవాలి కదా.

మొదటి మెట్టు పవర్‌పేట స్టేషన్ వైపు టీకొట్టు. మనం టీ అంటాం, హైదరాబాదులో వాళ్ల బాబాయి చాయ్ అంటాడు. రెండూ చైనా మాటలే. ఫుజియన్ తీరంలో 'తె' అనేవాళ్ల దగ్గర కొని డచ్చివాళ్లు ఓడల మీద పంచిపెట్టింది టీ అయింది. 'చా' అనే మాట నేల దారిన పర్షియా మీదుగా వచ్చి చాయ్ అయింది. "అయితే నాన్న ఓడలో వచ్చాడు, బాబాయి ఒంటె మీద వచ్చాడు," అంది చిన్నది. పంచదార సంగతి తిరగేసి చెప్పాలి. 647లో తాంగ్ చక్రవర్తి చెరకు నుంచి చక్కెర తీసే విద్య నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్ని పంపించాడు. ఆ చక్కెరనే హిందీవాళ్లు ఇప్పుడు చీనీ అంటారు. నేర్పినవాళ్లమే మనం, పేరు మటుకు వాళ్లది.

తాడేపల్లిగూడెంలో మా వియ్యపురాలి అటక మీద నాలుగు జాడీలు ఉన్నాయి. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు మెడ, గుడ్డ కట్టడానికి వీలుగా అంచు. ఆవిడ వాటిని ఎవరినీ తాకనివ్వదు, మైల పడతాయని కొంత, పగులుతాయని ఎక్కువ. ఆ రోజు మాత్రం మనవరాలి కళ్లు చూసి కిందకి దింపించింది. పింగాణీ చైనాలో పుట్టిన విద్య. దానికి వాడే తెల్లమట్టిని కయోలిన్ అంటారు, చింగ్‌దెజెన్ దగ్గర గావోలింగ్ అనే ఊరి పేరే అలా అయింది. మన ద్వారకా తిరుమల చుట్టుపక్కల నేలలో కూడా పింగాణీ పనికి వాడే బాల్ క్లే దొరుకుతుంది. మనకీ చైనాకీ మధ్య ఓడలు నడిచిన రోజులకు సాక్ష్యం మోటుపల్లి రేవులో ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనంలో ఏ సరుకు మీద ఎంత సుంకమో రాశారు, అందులో చీని కర్పూరం ఉంది. ఆ రేవు నేలలో చైనా పింగాణీ పెంకులు దొరికాయి. సుంకం అనగానే గుర్తొచ్చే పాత నాణెం మన వరహా. ఇంగ్లీషువాళ్లు దాన్ని పగోడా అన్నారు. ఇది చెప్పగానే మనవడు, "మా వీధి పేరు!" అని లేచి నిలబడ్డాడు. అది మా వీధి ఎప్పుడైందో నాకు తెలీదు.

ఇవన్నీ మాటలే. పిల్లల చేతికి పని దొరికింది మాత్రం కైకలూరు దగ్గర, మా ఆయన స్నేహితుడి చేపల చెరువు మీద.

ఆయనకి చరిత్ర అక్కర్లేదు, చెరువు తెలుసు. గట్టు మీద నిలబడి చెప్పాడు: "ఇది మూడంతస్తుల మేడమ్మా. పైన బొచ్చె, మధ్యలో శీలావతి, అడుగున మోసు. ఎవరి మేత వాళ్లది, ఎవరి అంతస్తు వాళ్లది. ఒకరి కంచంలో ఒకరు చెయ్యి పెట్టరు." పిల్లలిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. సింగపూర్ ఇంటి చెక్క గదులు గుర్తొచ్చాయని వాళ్లు చెప్పకుండానే తెలిసింది. "మరి వంటిల్లు?" అని అడిగింది చిన్నది. ఆయన నవ్వి గట్టున పెరిగిన గడ్డి ఒక మోపు కోసి దాని చేతికిచ్చాడు. విసిరింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత నీళ్లు చిన్నగా కదిలాయి. గడ్డి పోచ నిలువునా లేచి లోపలికి పోయింది. ఇంకోటి. ఎవరో కింద కూర్చుని దారం లాగుతున్నట్టు. అది గడ్డి చేప, అసలు సిసలు చైనా చేప. 1959లో హాంకాంగ్ నుంచి మన దేశానికి దాని పిల్లల్ని తెచ్చారు. ఒకే చెరువులో రకరకాల చేపల్ని అంతస్తులుగా పెంచే పద్ధతికి చైనావాళ్లు పాతకాపులు. చేపల పెంపకం మీద ఫాన్ లీ అనే ఆయన రెండు వేల అయిదు వందల ఏళ్ల కిందటే రాశాడంటారు. ఆ మాట చెబితే మా రైతు, "ఆయనకి ఎకరానికి ఎంత దిగుబడి వచ్చేదో?" అన్నాడు.

మోపు తర్వాత మోపు, గంటసేపు గడ్డి విసిరారు. అంతసేపూ ఫోను అడగలేదు.

తిరుగు దారిలో మనవడు, "కొల్లేరు ఏదీ?" అన్నాడు. అటూ ఇటూ చెరువులే. అది కష్టమైన ప్రశ్న. చెరువులు సరస్సును మింగాయనీ, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టేశారనీ, ఆ గట్లను నమ్ముకున్న కుటుంబాలు రోడ్డున పడ్డాయనీ, ఏదీ దాచకుండా చెప్పాను. పిల్లలకి చెప్పేటప్పుడు ఒక వైపే చెబితే వాళ్లు పెద్దయ్యాక రెండో వైపు తెలుసుకుని మనల్ని నమ్మరు. ఆటపాక వెళ్లి పడవెక్కి గూడబాతుల్ని చూపించాక కొల్లేరు దొరికిందని ఒప్పుకున్నాడు.

ఇక పెదవేగి. ఏలూరుకి ఉత్తరంగా పన్నెండు కిలోమీటర్లు. ఆటోలో అడిగాను, "కోతి, భిక్షువు కథ తెలుసా?" సింగపూర్ పిల్లలకి అది తెలియకపోవడమేమిటి! పదహారో శతాబ్దపు చైనా నవల పశ్చిమ యాత్రలో గురువుగారిని కాపాడే సున్ వుకోంగ్ అనే కోతి వాళ్ల ఇంట్లో టీషర్టుల మీద కూడా ఉంది. ఆ కోతి మన హనుమంతుడికి చుట్టమా కాదా అని పండితులు ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నారు. "ఆ గురువుగారు నిజంగా ఉన్నారు. పేరు హ్యూయాన్‌త్సాంగ్. చైనా నుంచి నడుచుకుంటూ మన ఊరొచ్చారు," అన్నాను. మనవడు ఆటోవాలాని ఆపమన్నాడు. నడుస్తాడట.

ఆయన 640 ప్రాంతంలో ఆంధ్ర దేశానికి వచ్చి రాజధాని పేరు పింగ్‌కిలో అని రాసుకున్నాడు. అది వేంగి అనీ, వేంగి అంటే ఈ పెదవేగే అనీ చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. అప్పటికి కుబ్జ విష్ణువర్ధనుడు వచ్చి తూర్పు చాళుక్యుల పాలన మొదలుపెట్టి పదిహేనేళ్లు. అంతకుముందు సాలంకాయనులకీ ఇదే రాజధాని. రాజధాని చుట్టుకొలత ఇరవై లీలు అని ఆయన లెక్క. లీ అంటే ఇంచుమించు అర కిలోమీటరు. మనవడు ఫోనులో కొలుస్తూ ఒక లీ నడిచాడు, రెండో లీకి దాహమన్నాడు. "ఇంకా పద్దెనిమిది ఉన్నాయి," అంది చెల్లెలు, నా చంక దిగకుండానే. దారి పక్కన పామాయిల్ తోటలు. ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్లు, ఆయన చూసి ఉండడు.

ఇక్కడి నేల సారవంతమనీ, వేడి ఎక్కువనీ, మాట మధ్యదేశపు మాటలా ఉండదు గానీ అక్షరాలు ఇంచుమించు అవేననీ ఆయన రాశాడు. ఇరవై ఆరామాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారట. మనుషులు దురుసు, ఆవేశపరులు అని కూడా రాశాడు. "అమ్మమ్మా, నిన్ను కలిశాడేమో," అన్నాడు మనవడు.

పెదవేగి దిబ్బల మీద తవ్వకాల్లో బయటపడ్డ ఇటుక కట్టడాలున్నాయి. చిన్నదానికి ఒక కుండపెంకు దొరికింది. తీసుకెళ్తానంది. బెత్తం ఆయన గుర్తొచ్చాడు. వద్దు అనకుండా, చేతిలో పెట్టుకుని బొమ్మ గీసుకోమన్నాను. వేలి గుర్తులు వెతికింది, అంచు మందం కొలిచింది, వాసన చూసింది. గీసుకున్నాక తనే అడిగింది, ఎక్కడ నుంచి తీశానో అక్కడే పెట్టెయ్యాలా అని. పెట్టేసింది. ఆ బొమ్మ సింగపూర్ పోయింది, పెంకు పెదవేగిలోనే ఉంది. పిల్లల్ని ఇలాంటి చోట్లకి తీసుకెళ్లడం కూడా వంటలాంటి పనే, చెయ్యి తిరగాలి. ముందే ఉపన్యాసం ఇస్తే ఉప్పు ఎక్కువైనట్టు. నేను అరవై దాటాక నేర్చుకున్నాను.

మర్నాడు గుంటుపల్లి వెళ్లాం. కామవరపుకోట దగ్గర కొండ మీద, క్రీస్తు పూర్వపు బౌద్ధ గుహలు. గుండ్రటి గుహలో లోకప్పుని చెక్క దూలాలు పరిచినట్టు రాతిలో చెక్కారు. నడిమి స్తూపాన్ని ఊళ్లోవాళ్లు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. పిల్లలు అలసిపోయారు, నేనూ అలసిపోయాను. వెంటవెంటనే రెండు చోట్లు పెట్టుకోవడం నా తప్పు.

విమానం ఎక్కేముందు మనవడు తన పుస్తకంలో రాసుకున్నది చూశాను: "పింగ్‌కిలో. ఏలూరు నుంచి 12 కి.మీ. ఆటో దొరుకుతుంది."

సంక్రాంతికి మీ ఇళ్లకీ పిల్లలొస్తారు. పెదవేగికి ఒక పూట చాలు, గుంటుపల్లికి రోజంతా కావాలి. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. గుంటుపల్లి కొండకి మెట్లున్నాయి కనుక ఎండెక్కకముందే బయల్దేరండి. టిఫిన్ మాత్రం ఇంట్లోనే పెట్టి తీసుకెళ్లండి.