హిస్టారిక్ – హిస్టారికల్ : అర్థభేదవిచారము

ఆంగ్లమున "హిస్టరీ" శబ్దమునకు సంబంధించిన విశేషణములు రెండు గలవు: హిస్టారిక్, హిస్టారికల్. మన పత్రికలును బాఠ్యగ్రంథములును ఈ రెంటికిని "చారిత్రక" మనియో "చారిత్రాత్మక" మనియో విచక్షణ లేక వాడుచున్నవి. ఇందలి గుణదోషములు విచార్యములు.

మొదటిది "హిస్టోరికస్" అను లాటినుపదమునుండి వచ్చినది. దానికి మూలము గ్రీకు. రెండవది యా రూపముపై "అల్" ప్రత్యయము చేరఁగా నైనది. పూర్వము రెండును సమానార్థకములుగనే వాడఁబడెను. భేదము పిదప వాడుకచే నేర్పడినది. ఫౌలరు 1926లోఁ బ్రకటించిన యాంగ్లప్రయోగనిఘంటువున దీనిని స్పష్టపఱచెను. చరిత్రకు సంబంధించిన దెల్ల హిస్టారికల్; చరిత్రలో స్థానము పొందఁదగిన ప్రాశస్త్యము గలది హిస్టారిక్. వాల్టరు స్కాటు 1814లో వెలువరించిన "వేవర్లీ" గతకాలకథను జెప్పునది గావున హిస్టారికల్ నవల. 1947 ఆగస్టు 15 హిస్టారిక్ దినము. ఒక గ్రామపుఁ బ్రాత పన్నులలెక్క హిస్టారికల్ ఆధార మగును గాని, యంతమాత్రమున హిస్టారిక్ కానేరదు.

వ్యాకరణమందు మాత్రము ప్రాతవాడుక నిలిచినది. భూతార్థమున వర్తమానక్రియను వాడుటను "హిస్టారిక్ ప్రెజెంట్" అందురు. పాణిని "స్మ" యోగమున భూతమందు లట్టును విధించుట దీనికి సన్నిహితము. ఇచటఁ బ్రాశస్త్యార్థము లేదు.

ఇఁక మన పదములు. చరిత్రశబ్దముపై ఠక్కు రాఁగా నాదివృద్ధియు, ఠకారమునకు "ఇక"యుఁ గలిగి "చారిత్రిక" మగును. "చారిత్రక" మను రూపమును లోకమున నున్నది. దాని సాధుత్వవిచార మిచట నప్రస్తుతము. ఏ రూపమైనను సంబంధార్థకమే కావున హిస్టారికల్ అనుదానికిఁ జాలును.

"చారిత్రాత్మక" మన్ననో, సమాసమున నాదివృద్ధికి నిమిత్తము లేదు. "చరిత్రాత్మక" మనియే కావలయును. స్వార్థమున నణ్ణు రాఁగా "చారిత్ర" శబ్దము సిద్ధమే కదా, దానిపై నాత్మకశబ్దము చేరినదని కొంద ఱనవచ్చును. రూపము నట్లు నిలిపినను నర్థము నిలువదు. "చారిత్రమే స్వరూపముగాఁ గలది" యని తేలును గాని "చరిత్రలో నిలువఁదగినది" యని తేలదు.

ఈ కలఁతవలన నష్టము బాలురది. "చారిత్రక కట్టడము" అని చదివినవాఁడు అది ప్రాచీనమో, ప్రశస్తమో, రెండునో యెఱుఁగఁజాలఁడు. కావున సంబంధమాత్రమునకుఁ "జారిత్రిక" మును, పూర్వమే పేరొందినదానికిఁ "జరిత్రప్రసిద్ధ" మును, నేఁడు జరిగి ముందుతరములకు నిలువఁగలదానికి "జిరస్మరణీయ" మును వాడుట యుక్తము. ఒక్క తద్ధితము మోయలేని యర్థమును దాని నెత్తిపైఁ బెట్టుటకంటె మఱియొక పదముచేఁ జెప్పుట మేలు.