కోటలో వంటగది: ‘సిన్స్ యు వెంట్ అవే’లో ఫిడీలియా

యుద్ధ సినిమా అంటే యుద్ధరంగం చూపించాలి గదా అనుకుంటాం. 1944లో హాలీవుడ్ నుంచి వచ్చిన ‘సిన్స్ యు వెంట్ అవే’ చూపించేది ఇంటిని. భర్త సైన్యంలోకి వెళ్ళాక భార్యా ఇద్దరు ఆడపిల్లలూ ఎట్లా నెట్టుకొచ్చారన్నది కథ. నిర్మాత డేవిడ్ ఓ. సెల్జ్‌నిక్ స్క్రీన్‌ప్లే కూడా తానే రాశాడు. జాన్ క్రామ్‌వెల్ దర్శకుడు. దాదాపు మూడు గంటల నిడివి. అమెరికన్ ఇల్లు ఎవరూ జయించలేని కోట అని మొదట్లోనే తెరమీద అక్షరాలు పడతాయి. సరే, ఆ కోటలో వంట ఎవరు చేస్తున్నారు? ఈ వ్యాసం అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

ముందు కథ. ఆన్ హిల్టన్ (క్లాడెట్ కోల్బర్ట్) భర్త టిమ్ మనకు ఫోటోలోనే కనిపిస్తాడు. అతని సంపాదన తగ్గడంతో ఇల్లు గడవడం కష్టమై, ఆన్ ఒక గదిని కల్నల్ స్మాలెట్ అనే రిటైర్డ్ సైనికాధికారికి అద్దెకిస్తుంది. పెద్దకూతురు జేన్, కల్నల్ మనవడు బిల్ ప్రేమించుకుంటారు. బిల్ ఇటలీలో సాలెర్నో దగ్గర చనిపోతాడు. కదిలే రైలు వెంట జేన్ పరుగెత్తే దృశ్యం చూసి నేనూ కళ్ళు తుడుచుకున్నాను. అయితే ఏడిపించే సినిమానే రెండోసారి చూడాలి. మనం కళ్ళు తుడుచుకునే లోపల ఏం దాటిపోయిందో వెనక్కి వెళ్ళి వెతకాలి.

దాటిపోయింది ఫిడీలియా. హిల్టన్ల ఇంట్లో వంటమనిషి, నల్లజాతి స్త్రీ. హ్యాటీ మెక్‌డేనియల్ ఈ వేషం వేసింది. ఆ పేరుకు అర్థమే విశ్వాసం. పేరు పెట్టేటప్పుడే ఆమె పని ఏమిటో నిర్ణయించేశారన్నమాట. జీతం ఇవ్వలేనని ఆన్ చెబితే ఫిడీలియా వేరేచోట పని చూసుకుంటుంది. కొన్నాళ్ళకు తిరిగొచ్చి తన పాత గది తనకిస్తే చాలంటుంది. బయట పని ముగించుకొని వచ్చి ఈ ఇంటి పని కూడా చేస్తుంది. జీతం లేదు. కుటుంబం ఆనందిస్తుంది, ప్రేక్షకుడూ ఆనందిస్తాడు.

ఇక్కడే ఆగి లెక్క చూడండి. ఇంట్లో గదులు పొందినవాళ్ళు ఇద్దరు. కల్నల్ అద్దె డబ్బిస్తాడు, క్రమంగా పిల్లలకు తాతయ్య అయిపోతాడు. ఫిడీలియా అద్దెను ఒళ్ళు వంచి చెల్లిస్తుంది, ఎప్పటికీ ఫిడీలియాగానే మిగులుతుంది. మూడు గంటల్లో అందరికీ ఎవరో ఒకరి కోసం ఎదురుచూపు ఉంది. ఫిడీలియా ఎదురుచూపు ఎవరి కోసమో ఈ కథకు అక్కరలేదు. ఆమె కన్నీళ్ళు కూడా హిల్టన్ల కోసమే కారాలి.

మన దగ్గర దీనికొక మాట ఉంది: ‘ఇంటిమనిషి లాంటిది’. మా అమ్మను కూడా తాను పాచిపని చేసే ఇంట్లోవాళ్ళు అట్లాగే అనేవాళ్ళు. ఆమె గ్లాసు మాత్రం దొడ్డిగోడ మీద బోర్లించి ఉండేది. ‘ఇంటిమనిషి’కీ ‘లాంటిది’కీ మధ్య ఉన్న దూరమంతా ఆ గ్లాసులో ఉంది. ఫిడీలియా చేసింది వెట్టి అని నేను తేలిగ్గా అనను. వెట్టిలో దొర బలవంతం ఉంటుంది, ఇక్కడ ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతం అక్కరలేకుండా కథే ఆమెచేత అడిగించింది. జీతం ఇవ్వాల్సినచోట ప్రేమను పెట్టింది.

చరిత్ర అప్పుడు సరిగ్గా దీనికి ఎదురు నడుస్తోంది. 1940లో అమెరికాలో పనిచేసే నల్లజాతి స్త్రీలలో సుమారు 60 శాతం మంది ఇతరుల ఇళ్ళలో పనివాళ్ళే. యుద్ధకాలంలో వాళ్ళు ఆ వంటగదులు వదిలి ఫ్యాక్టరీల దారి పట్టారు. ఆ దారి ఎవరూ దానంగా ఇవ్వలేదు. నల్లజాతి కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్ మీదికి ఊరేగింపు తీస్తానని హెచ్చరించాకే, 1941 జూన్‌లో రూజ్‌వెల్ట్ రక్షణ పరిశ్రమల్లో వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. 1942లో ‘పిట్స్‌బర్గ్ కొరియర్’ పత్రిక బయటి ఫాసిజం మీదా ఇంట్లోని జాతివివక్ష మీదా రెండు విజయాలు కావాలని ఉద్యమం నడిపింది. నల్ల స్త్రీలు వంటగది దాటుతున్న ఆ రోజుల్లో ఈ సినిమా ఫిడీలియాను వంటగదికే తిరిగి రప్పించింది. తెల్ల మధ్యతరగతికి ఇంతకంటే ఊరట ఏముంది?

ఈ సినిమాలో ఆన్ ఎదుగుతుందన్నది నిజం. విలాసాలు పోయాయని గొణిగే స్నేహితురాలు ఎమిలీని నిలదీస్తుంది, వెల్డింగ్ నేర్చుకుంటుంది. అక్కడ జోఫియా అనే వలస కార్మికురాలు పరిచయమవుతుంది. తాను కలలుగన్న అమెరికా ఆన్‌లోనే కనిపిస్తోందని ఆమె మనసు విప్పి చెబుతుంది. నిన్న వచ్చిన యూరపు స్త్రీకి పని ఉంది, స్నేహం ఉంది, అమెరికా గురించి మాట్లాడే హక్కుంది. తరతరాలుగా ఆ నేలమీద చెమటోడ్చిన జాతి స్త్రీకి నవ్వించే మాటలే మిగిలాయి. ఆన్ వెల్డింగుకు పోతే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తున్నారు? స్త్రీ గడప దాటిన ప్రతి కథలోనూ గడప లోపల ఉండిపోయిన ఇంకో స్త్రీని వెతకమని మన స్త్రీవాద మిత్రులను దళిత స్త్రీలు అడుగుతున్నది ఇదే.

ఇందులో నటిని నిందించడం అన్యాయం. హ్యాటీ తండ్రి బానిసగా పుట్టి, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో పోరాడినవాడు. ఆమె కూడా ఇళ్ళలో పనిచేసి బతికింది. సెల్జ్‌నిక్ తీసిన ‘గాన్ విత్ ద విండ్’కే ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి అయింది. 1940లో ఆ బహుమతి అందుకున్న రాత్రి, హాల్లో తోటి నటులకు దూరంగా వేరే బల్ల దగ్గర కూచోబెట్టారు.

ఇంకా పెద్ద సంగతి ఆమె ఇల్లు. లాస్ ఏంజెలెస్‌లో షుగర్ హిల్ అనే చోట ఆమె ఇల్లు కొనుక్కుంది. నల్లవాళ్ళు అక్కడ ఉండకూడదని పాత దస్తావేజుల షరతులు చూపించి తెల్ల ఇరుగుపొరుగు కోర్టుకెక్కారు. ఆమె ఇతర నల్లజాతి ఇళ్ళవాళ్ళను కూడగట్టి ఎదురు నిలిచింది. 1945లో జడ్జి ఆ దావాను కొట్టేశాడు. తెరమీద ఇంకొకరి కోటను కాపాడిన మనిషి బయట తన గడప కోసం కొట్లాడింది. ఈ రెండో కథను హాలీవుడ్ అప్పుడు సినిమాగా తీయలేదు. 1952లో చనిపోయాక, ఆమె కోరుకున్న హాలీవుడ్ శ్మశానంలో కూడా చోటివ్వలేదు. నల్లది గనక.

ఊరిబయట వాడా, వేరే శ్మశానమూ తెలిసినవాళ్ళకు ఇది పరాయి కథ కాదు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాస్తూ అంటరానివాళ్ళ స్థితికీ వాళ్ళ స్థితికీ ఉన్న పోలికను గుర్తుచేశారు. ఆ పోలిక చట్టాలతో, ఓట్లతో ఆగేది కాదు. వంటగది దాకా వస్తుంది.

మన సినిమాల్లోనూ యజమాని కోసం ప్రాణమిచ్చే నమ్మినబంట్లు ఎంతమందో. వాళ్ళను చూసి చప్పట్లు కొట్టేముందు మూడు ప్రశ్నలు అడుగుదాం: వీళ్ళ జీతమెంత? వీళ్ళ ఇల్లెక్కడ? వీళ్ళకోసం ఎవరు ఎదురుచూస్తున్నారు? ఈ మూడింటికి జవాబివ్వలేని సినిమా ఎంత ఏడిపించినా, అది ఆ కోట లోపలివాళ్ళ కథే.