కాలయంత్రంలో చరిత్ర పాఠం: 'డాక్టర్ హూ' తొలి భాగాల పునర్దర్శనం

భాగవతం నవమ స్కంధంలో రైవతుని కథ ఉంది. కుమార్తె రేవతికి తగిన వరుడెవరో అడిగి తెలుసుకోవాలని ఆ రాజు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకానికి వెళతాడు. అక్కడ సాగుతున్న గానం ముగిసేవరకు కొద్దిసేపు వేచి ఉంటాడు. ఆ కొద్దిసేపటిలోనే భూలోకంలో ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోతాయి. అతడు మనసులో అనుకొన్న వరులే కాదు, వారి సంతతి పేర్లు సైతం వినబడని కాలం వచ్చేస్తుంది. కాలాన్ని దాటి ప్రయాణించడమన్న కల్పన మన సాహిత్యానికి కొత్త కాదు. ఆ కల్పనను వారం వారం ఇంటింటికి చేర్చి, పిల్లలకు చరిత్ర నేర్పే సాధనంగా వినియోగించిన ప్రయత్నం మాత్రం 1963లో బ్రిటన్‌లో జరిగింది. బి.బి.సి. టెలివిజన్ ఆ సంవత్సరం నవంబరు 23వ తేదీ శనివారం సాయంత్రం ప్రారంభించిన 'డాక్టర్ హూ' ధారావాహికే ఆ ప్రయత్నం.

1989లో ఆగి, 2005లో తిరిగి మొదలైన ఈ ధారావాహిక పేరు చెప్పగానే నేటి ప్రేక్షకులకు గుర్తువచ్చేవి వింత ప్రాణులు, యంత్రరాక్షసులు, గ్రహాంతర యుద్ధాలు. 1963-64 నాటి మొదటి సంవత్సరపు కథలను మళ్లీ చూసినవారికి కనిపించే స్వరూపం వేరు. అక్కడ ప్రధాన వస్తువు చరిత్ర. ప్రధాన ప్రశ్న గతంపట్ల మనిషి బాధ్యత ఏమిటన్నది. ఆ ప్రశ్నను లోకం ముందుంచిన సంస్థే తన గతాన్ని ఎలా చూసుకొన్నదన్నది ఈ కథకు విషాదకరమైన ఉత్తరభాగం.

ఇద్దరు ఉపాధ్యాయులు

బి.బి.సి. నాటక విభాగాధిపతిగా వచ్చిన కెనడా దేశస్థుడు సిడ్నీ న్యూమన్ ఈ కార్యక్రమానికి రూపకల్పన చేసినవారిలో ముఖ్యుడు. కాలయంత్రం వెనుకకు పోయినప్పుడు చరిత్ర, ముందుకు పోయినప్పుడు విజ్ఞానశాస్త్రం బోధపడాలన్నది నాటి సంకల్పం. అందుకే పాత్రల ఎంపికలోనే బడి ప్రవేశించింది. బార్బరా రైట్ చరిత్ర బోధించే ఉపాధ్యాయిని. ఇయాన్ చెస్టర్టన్ విజ్ఞానశాస్త్ర బోధకుడు. వారి విద్యార్థిని సూసన్ కొన్ని విషయాల్లో అసాధారణ ప్రజ్ఞ చూపుతుంది. మరికొన్నిటిలో పసిపిల్లలకు తెలిసినవి కూడా తెలియనట్లు ప్రవర్తిస్తుంది. కారణం తెలుసుకోవాలని ఆమెను అనుసరించి వెళ్లిన ఉపాధ్యాయులకు, పాతసామాను దొడ్డిలో నిలిపి ఉన్న నీలిరంగు పోలీసు పెట్టె కనిపిస్తుంది. దాని లోపలి వైశాల్యం బయటి కొలతలకు అందదు. అదే 'టార్డిస్' అనే కాలయంత్రం. సూసన్ తాతగారైన డాక్టర్ తమ రహస్యం బయటపడుతుందన్న భయంతో ఆ ఇద్దరినీ బలవంతంగా వెంట తీసుకొనిపోతాడు.

ఈ మొదటి భాగంలో చరిత్ర విద్యార్థిని ఆకర్షించే చిన్న సన్నివేశాలు రెండు ఉన్నాయి. పౌనుకు ఎన్ని షిల్లింగులో సూసన్ చెప్పలేకపోతుంది. దశాంశ పద్ధతి ఇంకా రాలేదన్న సంగతి తాను మరచిపోయానంటుంది. తోటి విద్యార్థులు నవ్వుతారు. బ్రిటన్ ఆ పద్ధతిని 1971 ఫిబ్రవరి 15న స్వీకరించింది. భారతదేశంలో 1957 ఏప్రిల్ 1 నుంచే రూపాయికి వంద నయాపైసలు అమలులోకి వచ్చి, అణాలు, బేడలు, కానీలు క్రమంగా లెక్కలనుంచి తప్పుకొన్నాయి. లండన్ బడిలో భవిష్యత్తుగా వినిపించి నవ్వు పుట్టించిన మాట, అప్పటికి ఆరేళ్లుగా మన అంగళ్లలో నిత్యవ్యవహారం. భవిష్యత్తు అన్ని దేశాలకూ ఒకేసారి రాదన్న సత్యాన్ని ఆ సన్నివేశం తనకు తెలియకుండానే చెబుతున్నది.

రెండవది ఫ్రెంచి విప్లవాన్ని గురించిన పుస్తకం. బార్బరా ఇచ్చిన ఆ గ్రంథాన్ని తిరగేసిన సూసన్, ఇందులో రాసినది సరికాదని ఆశ్చర్యపడుతుంది. ప్రత్యక్ష సాక్షికీ, గ్రంథస్థ చరిత్రకూ మధ్య ఉండే దూరాన్ని ఒక్క మాటలో సూచించిన ఘట్టమిది. ఆ సంవత్సరపు చివరి కథ 'ది రెయిన్ ఆఫ్ టెర్రర్' ఆ విప్లవకాలంలోనే జరగడం గమనార్హం.

లక్నో నుంచి లైమ్ గ్రోవ్‌కు

మొదటి కథ దర్శకుడు వారిస్ హుస్సేన్. 1938లో లక్నోలో జన్మించి, 1947కు ముందువెనుకల కల్లోలకాలంలో కుటుంబంతో ఇంగ్లండు చేరినవాడు. తల్లి అతియా హుస్సేన్ 'సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్' నవల ద్వారా అవధ్ తాలూక్‌దారీ కుటుంబాల జీవితాన్నీ, దేశవిభజన గాయాన్నీ చిత్రించిన రచయిత్రి. ప్రసారం నాటికి హుస్సేన్ వయస్సు 24 ఏళ్లు. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కు 28 నిండటానికి నాలుగు రోజులున్నాయి. అనుభవజ్ఞులైన పురుషులతో నిండిన సంస్థలో ఒక యువతికి, భారతదేశంలో పుట్టిన ఒక యువకునికి అప్పగింపబడిన ఈ పని మీద ఎవరికీ పెద్ద ఆశలు ఉన్నట్లు కనబడదు. వారికి దక్కినది లైమ్ గ్రోవ్ స్టూడియోలోని ఇరుకైన పాత వేదిక.

1963 సెప్టెంబరులో చిత్రీకరించిన తొలి ప్రతిని న్యూమన్ తిరస్కరించాడు. అక్టోబరులో అదే కథను మళ్లీ చిత్రీకరించారు. అదృష్టవశాత్తు రెండు ప్రతులూ నిలిచి ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే దిద్దుబాటు విలువ తెలుస్తుంది. తిరస్కృత ప్రతిలో డాక్టర్ మరీ కఠినుడు. సూసన్ తాను నలభై తొమ్మిదవ శతాబ్దంలో పుట్టానని స్పష్టంగా చెబుతుంది. ప్రసారమైన ప్రతిలో ఆ అంకె తొలగి, మరో కాలం, మరో లోకం అన్న అస్పష్టత మిగిలింది. వివరం తగ్గిన మేరకు రహస్యం గాఢమైంది. డాక్టర్ పాత్రధారి విలియం హార్ట్‌నెల్ ఆ రెండవ ప్రయత్నంలో కోపానికి చమత్కారాన్ని జోడించి, ముసలి పిల్లవాడిలా కనిపిస్తాడు.

ధ్వనిని గురించి కూడా చెప్పుకోవాలి. రాన్ గ్రెయినర్ కూర్చిన శీర్షిక బాణీని బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో డెలియా డెర్బిషైర్ టేపు ముక్కలను కత్తిరించి, వేగాలు మార్చి, ఒక్కొక్క స్వరంగా అతికించి నిర్మించింది. వాద్యబృందం లేదు, సింథసైజరు కూడా లేదు. టార్డిస్ కదిలే శబ్దం, పియానో తీగలమీద తాళంచెవిని గీసి బ్రయన్ హాడ్జ్‌సన్ పుట్టించినది. ఆరు దశాబ్దాలు దాటినా ఆ ధ్వనులలో వింతదనం తగ్గలేదు.

గుహలు, యంత్రాలు

మొదటి భాగం స్థాయిని తరువాతి మూడు భాగాలు నిలుపుకోలేకపోయాయని అంగీకరించాలి. రాతియుగపు తెగలో నిప్పుకోసం జరిగే కలహం అనవసరంగా సాగుతుంది. ఆదిమ మానవులను అరుపులకు, క్రౌర్యానికి పరిమితం చేసిన దృష్టిలో వలస పాలనాకాలపు మానవశాస్త్రం నీడలున్నాయి. అయినా విలువైన ఘట్టాలు లేకపోలేదు. గాయపడిన శత్రువును వదలి పారిపోవడానికి బార్బరా ఒప్పుకోదు. డాక్టర్ ఒక రాయి చేతికి తీసుకొన్నప్పుడు అతని ఉద్దేశాన్ని శంకించి ఇయాన్ ఆపుతాడు. నాయకుడు కాదగిన మనిషి ఇంకా నైతికంగా ఎదగలేదు. అతనికి ఆ మార్గం చూపుతున్నది మామూలు బడి పంతుళ్లు. తమ తెగలో నిప్పు చేయడం అందరికీ తెలుసు గనుక నిప్పు చేసేవాడికి ప్రత్యేక ప్రాముఖ్యం లేదని ఇయాన్ చెప్పే మాటలో, విద్య కొందరి సొత్తు కారాదన్న భావం దాగి ఉంది.

రెండవ కథ 1963 డిసెంబరు 21న మొదలైంది. టెరీ నేషన్ రచించగా, రేమండ్ క్యూసిక్ రూపమిచ్చిన 'డాలెక్'లు బ్రిటిష్ బాలలను ఊపివేశాయి. కథ ముగిసేనాటికి ప్రేక్షకుల సంఖ్య కోటి దాటింది. న్యూమన్ వింత రాక్షసులు వద్దని ముందే హెచ్చరించి ఉన్నాడు. ఆయన భయం ఒక విధంగా నిజమైంది. క్యూబా సంక్షోభం గడిచి ఏడాది తిరిగిన కాలంలో, అణుయుద్ధం తరువాత లోహపు గుల్లలలో బతుకుతున్న ద్వేషజీవులను చూపడం సార్థకమే. తమకు భిన్నమైనదాన్ని నిర్మూలించాలన్న వారి సిద్ధాంతంలో నాజీల ఛాయ స్పష్టం. కాని ఆ విజయమే ధారావాహిక దిశను మార్చింది. రాక్షసులకు గిరాకీ పెరిగింది. కేవలం చారిత్రక కథలు 1967 ఆరంభంతో దాదాపు నిలిచిపోయాయి.

చరిత్రను మార్చవచ్చునా?

తొలి సంవత్సరపు ఉత్తమ రచన జాన్ లూకరోటీ రచించిన 'ది ఆజ్‌టెక్స్' అని చెప్పడానికి సంకోచించనవసరం లేదు. 1964 మే, జూన్ నెలల్లో నాలుగు భాగాలుగా ప్రసారమైన ఈ కథలో బార్బరాను మెక్సికో ప్రజలు తమ పూర్వ ప్రధానార్చకుని పునర్జన్మగా భావిస్తారు. ఆమెకు ఆజ్‌టెక్ నాగరికత అధ్యయన విషయం. కళలో, కట్టడాలలో అంత ఎత్తుకు ఎదిగిన జాతి స్పెయిన్ దండయాత్రలో నశించిపోతుందని ఆమె ఎరుగును. నరబలిని మాన్పిస్తే ఆ వినాశం తప్పుతుందని ఆమె విశ్వాసం. చరిత్రలో ఒక్క పంక్తిని కూడా తిరిగి రాయడం సాధ్యం కాదని డాక్టర్ తీవ్రంగా వారిస్తాడు. దేవత హోదాలో ఆమె ఇచ్చిన తొలి ఆజ్ఞను బలి కావలసినవాడే ధిక్కరించి ప్రాణాలు వదులుతాడు.

ఇక్కడ రచయిత సులభమైన మార్గం ఎన్నుకోలేదు. బలిని సమర్థించే పూజారి ట్లోటాక్సిల్ దుష్టుడే. అయినా సమాజం అతని పక్షాన ఉంది. బార్బరా మాటలు నమ్మిన జ్ఞాని ఆట్లాక్ తన పదవినీ, విశ్వాసాన్నీ విడిచి అరణ్యంలోకి వెళ్లిపోతాడు. ఒక నాగరికతను రక్షించలేకపోయినా ఒక మనిషికి మేలు చేయగలిగావని డాక్టర్ ఆమెను ఓదారుస్తాడు. సంస్కర్తలెవరైనా ఎదుర్కొనే సమస్య ఇది. మంచి ఉద్దేశంతో పైనుంచి వచ్చే ఆజ్ఞకూ, సమాజం లోపలినుంచి వచ్చే మార్పుకూ ఉన్న భేదాన్ని బాలల కార్యక్రమంలో ఇంత నిజాయితీగా చర్చించడం అరుదు. బార్బరా పాత్రధారిణి జాక్విలిన్ హిల్ ఆ ఆవేదనను ఎక్కడా అతిశయం లేకుండా పోషించింది.

మన తెలుగులో సింగీతం శ్రీనివాసరావు 1991లో రూపొందించిన 'ఆదిత్య 369' కూడా కాలయంత్రాన్ని వెనుకకు కృష్ణదేవరాయల కొలువుకూ, ముందుకు రాబోయే శతాబ్దాలకూ నడిపింది. అక్కడ గతం వైభవంగా దర్శనమిచ్చింది. 'ది ఆజ్‌టెక్స్'లో గతం వైభవంతోపాటు జవాబు లేని ప్రశ్నగానూ ఎదురుపడుతుంది.

చెరిగిపోయిన గతం

వారిస్ హుస్సేన్ ఆ సంవత్సరమే 'మార్కో పోలో' కథకు కూడా దర్శకత్వం వహించాడు. లూకరోటీ రచించిన ఈ ఏడు భాగాలలో ఆరు హుస్సేన్ దర్శకత్వంలోనివి. 1289లో పామీరు పీఠభూమి నుంచి కుబ్లయి ఖాన్ కొలువు వరకు సాగే ప్రయాణం ఇందులోని ఇతివృత్తం. పటంమీద కదిలే గీత, దినచర్య చదివే మార్కో కంఠస్వరం కథను నడిపిస్తాయి. ఎడారిలో నీరు దొరకనప్పుడు చలికి టార్డిస్ లోపలి గోడలమీద పేరుకొన్న చెమ్మ ప్రాణాలు నిలుపుతుంది. దానికి కారణమూ పాఠంగా అందుతుంది. బర్మాలో పుట్టిన జినియా మెర్టన్ ఇందులో పింగ్-చో పాత్ర ధరించినా, ఆసియా పాత్రలలో ఎక్కువభాగం రంగు పూసుకొన్న ఐరోపా నటులే పోషించడం ఆ కాలపు లోపం.

ఈ గుణదోషాలను కళ్లతో చూసి నిర్ణయించే అవకాశం నేడు లేదు. ఏడు భాగాలూ నశించిపోయాయి. వీడియో టేపు ఖరీదైనది, తిరిగి వాడుకోదగినది. పునఃప్రసారానికి నటుల ఒప్పందాలు అడ్డం వచ్చేవి. పాత నలుపు తెలుపు కార్యక్రమాలకు రంగుల కాలంలో విలువ లేదనుకొన్నారు. ఆ కారణాలవల్ల బి.బి.సి. 1960, 70 దశకాలలో మూల టేపులను చెరిపి, విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము ప్రతులను కూడా చాలావరకు పారవేసింది. ధారావాహికలో తొంభైకి పైగా భాగాలు ఇప్పటికీ దొరకలేదు. మిగిలినవాటిలో కొన్ని విదేశాలలో బయటపడ్డాయి. 1967-68 నాటి తొమ్మిది లుప్తభాగాలు నైజీరియాలోని జోస్ నగరంలో దొరికినట్లు 2013లో ప్రకటించారు. లండన్ కాదనుకొన్నదాన్ని పూర్వపు వలసదేశం దాచి ఉంచింది. 'మార్కో పోలో' శబ్దం మాత్రం ఇళ్లలో టేపురికార్డర్లు పెట్టుకొన్న ప్రేక్షకుల పుణ్యాన మిగిలింది. ఆ కథలోని ఛాయాచిత్రాలు హుస్సేన్ వ్యక్తిగత సేకరణలో భద్రంగా ఉండటంవల్ల దక్కాయి.

ఈ నష్టాన్ని ఎవరో పరాయివారి అశ్రద్ధగా తీసివేయడానికి వీలులేదు. మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి లేదు. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రతి కూడా లేదు. ఆ టేపులను చెరపడంలో ఎవరి ద్వేషమూ లేదు. నిలువచేసే స్థలం, ఖర్చు, ఉపయోగం అన్న మూడు గడులు నింపిన కార్యాలయపు కాగితాలమీద అది సక్రమంగానే జరిగి ఉంటుంది. అదే ఆలోచింపదగిన విషయం.

దక్కినవాటి భవితవ్యం కూడా నిశ్చింతగా లేదు. 2023లో షష్టిపూర్తి సందర్భంగా బి.బి.సి. ఎనిమిది వందలకు పైగా భాగాలను తన ప్రసార వేదికమీద అందుబాటులోకి తెచ్చినప్పుడు, రచయిత ఆంథొనీ కోబర్న్ వారసత్వ హక్కుల చిక్కువల్ల మొట్టమొదటి కథనే చేర్చలేకపోయింది. అదే నెలలో డాలెక్‌ల తొలికథకు రంగులద్ది, ఏడు భాగాలను 75 నిమిషాలకు కుదించి ప్రసారం చేశారు. కొత్త తరానికి పరిచయంగా దానికి ప్రయోజనం ఉండవచ్చు. కాని నిదానంగా సాగే మూలంలోని నిశ్శబ్దాలు, భయం, ఎదురుచూపు ఆ కత్తిరింపులో పోయాయి. సంక్షిప్తం మూలానికి దారి చూపాలి. మూలం స్థానంలో కూర్చోరాదు.

ఈ తొలి సంవత్సరాన్ని పరిచయం చేసుకోదలచినవారు మొదటి భాగం చూసి, వెంటనే 'ది ఆజ్‌టెక్స్' చూడటం మేలు. ఆ తరువాత 'మార్కో పోలో' శబ్దాన్ని వినాలి. గతాన్ని మార్చలేమని బార్బరా నేర్చుకొన్న పాఠానికి అక్కడ మరో అర్థం స్ఫురిస్తుంది. ప్రజాధనంతో నడిచే ప్రసార సంస్థలు, గ్రంథాలయాలు, పురాలేఖ భాండాగారాలు ఏది ఉంచాలో ఏది తీసివేయాలో ప్రతి సంవత్సరం నిర్ణయిస్తూనే ఉంటాయి. ఆ నిర్ణయం చేసే అధికారికి తన ముందున్న వస్తువు రేపటివారికి ఏమవుతుందో తెలియదు. తెలియదు గనుకనే ఒక ప్రతి అయినా మిగిల్చి ఉంచడం అతని ధర్మం.