కోడిపుంజు, గడియారం: గోండు చిత్రకళలో రేపటి రూపకల్పన

లండన్ నగరంలోని ‘బిగ్ బెన్’ గడియార స్తంభాన్ని కోడిపుంజుగా చూసిన చిత్రకారుడొకరు మన దేశంలో ఉన్నారు. ఆయన పేరు భజ్జూ శ్యామ్. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గ్రామానికి చెందిన పర్ధాన్ గోండు. 2002లో ఒక భారతీయ భోజనశాల గోడలపై బొమ్మలు వేయటానికి లండన్ వెళ్ళి, రెండు నెలలపాటు అక్కడ గడిపారు. తిరిగివచ్చాక ఆయన వేసిన బొమ్మలను, చెప్పిన అనుభవాలను గీతా వూల్ఫ్, సిరీష్ రావుల సహకారంతో చెన్నైలోని తారా బుక్స్ సంస్థ 2004లో ‘ది లండన్ జంగిల్ బుక్’ పేరిట ప్రచురించింది. అందులో పుంజూ గడియార స్తంభమూ ఒకే దేహంగా కలిసిపోయి కనిపిస్తాయి. పల్లెలో పొద్దు పొడిచిందని చెప్పేది కోడి; మహానగరంలో వేళ చెప్పేది గడియారం. రెండు కాలాలు ఒకదానికొకటి ఎదురుపడిన క్షణాన్ని చిత్రకారుడు అలా పట్టుకున్నారు.

భవిష్యత్తుకు రూపమివ్వటమనగానే మన మనసులో ఉక్కు, గాజు, యంత్రం మెదులుతాయి. ఆ ఊహలో పూర్వులకు చోటుండదు. ఉన్నా, అది అలంకారపు చోటే. విమానాశ్రయపు గోడ మీద నాలుగు గిరిజన బొమ్మలు, చేతిసంచి మీద చుక్కల అంచు వేసి, వారసత్వాన్ని ఆధునికం చేశామని తృప్తిపడటం మనకు అలవాటైపోయింది. ఇక్కడ కొత్త వస్తువు కొత్తగానే ఉంటుంది; పాతది దాని మీద అద్దకమై మిగులుతుంది. గోండు చిత్రకారులు ఈ వరుసను తిరగవేశారు. కొత్త వస్తువును తమ కథాలోకంలోకి పిలిచి, ఇది మాలో ఎవరికి బంధువని ప్రశ్నించారు. వారసత్వం వారికి ఆభరణం కాలేదు, ఆలోచించే పద్ధతి అయింది. ఆ పద్ధతి ఎంత బలమైనదో, నేడు దానికి ఎదురవుతున్న ముప్పేమిటో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

పాట నుంచి గీతకు

ఈ చిత్రకళను గురించి ఒక అపోహ ప్రచారంలో ఉంది. ఇది అనాది నుంచి యథాతథంగా వస్తున్నదని చాలామంది అనుకుంటారు. పర్ధాన్లకు అనాదిగా వస్తున్నది చిత్రం కాదు, పాట. వారు గోండుల వంశగాయకులు. మూడు తీగల ‘బానా’ వాద్యాన్ని వాయిస్తూ, మూడేళ్ళకొకసారి యజమానుల ఇళ్ళకు వెళ్ళి, వారి పూర్వుల గాథలను, గోండు రాజుల చరిత్రలను గానం చేసి, ధాన్యమో పశువో కానుకగా పొందేవారు. వారి పెద్దదేవుడు బడాదేవ్ నివాసం నల్లమద్ది చెట్టు. ఇళ్ళ గోడల మీద, నేల మీద స్త్రీలు ‘దిగ్నా’ అనే రేఖా రచనలు తీర్చేవారు. రాజ్యాలు పోయి, యజమానులు పేదలై, గానానికి ఆదరణ తగ్గిన కాలంలో పర్ధాన్లు కూలిపనులకు మళ్ళారు.

1980ల ఆరంభంలో భోపాల్‌లో భారత్ భవన్ రూపుదిద్దుకుంటున్నప్పుడు చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ బృందం పల్లెపల్లెకూ తిరిగింది. పాటన్‌గఢ్‌లో ఒక గోడ మీది బొమ్మ వారిని ఆపింది. దానిని వేసిన యువకుడు జంగఢ్ సింగ్ శ్యామ్. 1982లో ప్రారంభమైన భారత్ భవన్‌లో ఆయనకు కాగితం, రంగులు, పని దొరికాయి. గాయకుల నోట వినటమే తప్ప అంతవరకు రూపంలేని దేవతలకు ఆయన రూపాలు కల్పించారు. ఆ రూపాల దేహాలను చుక్కలతో, సన్నని గీతలతో నింపారు. 1989లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో జరిగిన ‘మాజిసియఁ ద లా తేర్’ ప్రదర్శనలో ఆయన పాల్గొన్నారు. ఛార్లెస్ కొరియా రూపొందించిన భోపాల్ విధాన భవనం గోడలపై చిత్రాలు వేశారు. బంధువులను, ఊరివారిని పిలిపించి పని నేర్పారు. విమర్శకులు ఈ శైలిని ‘జంగఢ్ కలమ్’ అని పిలవటం ఎంతో సబబు. 2001లో ఇంటికి వేల మైళ్ళ దూరాన, జపాన్‌లో పనిచేస్తున్న రోజుల్లో, నడివయసులోనే ఆయన మరణించారు.

ఇక్కడ గమనించదగిన విషయమొకటుంది. నేడు మనం గోండు చిత్రమని పిలుస్తున్న రూపానికి వయసు అర్ధ శతాబ్దం కూడా లేదు. అది నగరంలో, కాగితం మీద, దుకాణంలో కొన్న రంగులతో పుట్టింది. దాని వెనుక ఉన్న పాట మాత్రం ప్రాచీనం. అందువల్ల ఈ కళలో ప్రాచీనతకూ నవ్యతకూ తగవు లేదు. ఆరంభంలోనే అది భవిష్యత్తు వైపు వేసిన అడుగు.

పోలిక కాదు, బంధుత్వం

భజ్జూ శ్యామ్ జంగఢ్‌కు మేనల్లుడి వరస. భోపాల్‌లో రాత్రి కాపలాదారుగా పనిచేసిన మనిషి. ఆయన లండన్ చిత్రాలలో విమానం రెక్కలు మొలిచిన ఏనుగు. భూగర్భ రైలు వానపాము. రోజూ తనను పనిచోటికి చేర్చిన 30వ నెంబరు బస్సు నమ్మకమైన కుక్క. సాయంత్రం కాగానే మద్యశాలల్లో మూగే ఆంగ్లేయులు గబ్బిలాలు. వారు చేరిన చోటు ఇప్పచెట్టు.

వీటన్నిటినీ ఒకే తూకంలో తూచలేం. ఎగిరే ఏనుగు ముచ్చటైన బొమ్మ. అంత బరువు గాలిలోకి లేచిందన్న అబ్బురం తప్ప అందులో మరో లోతు కనిపించదు. వానపాము చిత్రం అలాంటిది కాదు. గోండు గాథల్లో భూమి కింద మరో లోకం ఉంది. అక్కడ వానపాముకు గౌరవస్థానం ఉంది. నేల కింద జనం దూరి, మరోచోట పైకి తేలే నగరాన్ని చూసినప్పుడు చిత్రకారుడికి యంత్రం కొత్తగా అనిపించలేదు. తాత చెప్పిన పాతాళం కళ్ళెదుట నిలిచింది. గబ్బిలాల చిత్రంలో మరో విశేషం ఉంది. వందేళ్ళకు పైగా ఆదివాసులను పరిశీలించి, వర్గీకరించి, గ్రంథాలు రాసినవారు ఆంగ్లేయులు. ఇప్పుడు పరిశీలించే కన్ను గోండుది. ఆ చూపులో పరిహాసముంది, ద్వేషం లేదు.

పుస్తకం పేరులోనే ఈ ఎదురుచూపు ఉంది. 1894లో రడ్యార్డ్ కిప్లింగ్ ప్రచురించిన ‘జంగిల్ బుక్’ కథలకు రంగస్థలం మధ్యభారతంలోని సివనీ కొండలు. అది గోండుల నేల. ఆ మౌగ్లీ కథల పరంపరలో గోండు ఒక వేటగాడుగా తొంగిచూసి వెళ్ళిపోతాడు. నూట పదేళ్ళ తరువాత ఆ ప్రాంతపు మనిషి లండన్‌ను అడవిగా చిత్రించి బదులు తీర్చుకున్నారు.

లోపం లేదని కాదు. పుస్తకంలో మాటలు భజ్జూ శ్యామ్‌వే అయినా, వాటిని ఆంగ్లంలో కూర్చినవారు వేరు. కొత్త దేశంలో కూలికి వెళ్ళిన మనిషి ఒంటరితనం అక్కడక్కడ తళుక్కుమని, అంతలోనే చమత్కారం కింద అణిగిపోతుంది. పాఠకుడిని నవ్వించాలన్న తొందర కొంత తగ్గితే ఈ రచన మరింత బరువెక్కేది.

గడులు చెరిపిన కథ

ఆ బరువు 2011లో నవయాన సంస్థ ప్రచురించిన ‘భీమాయన’లో కనిపిస్తుంది. అంబేద్కర్ జీవితంలోని అస్పృశ్యతానుభవాలను చెప్పే ఈ బొమ్మల నవలకు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు. కథనం శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. బొమ్మల కథలనగానే పుటను గడులుగా కోయటం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. ఈ దంపతులు మనుషులను పెట్టెల్లో బంధించటానికి ఇష్టపడలేదు. పల్లె గోడల మీది దిగ్నా రేఖలనే పుటల్లో పారించి, ఒక సన్నివేశాన్ని మరొకదాని నుంచి విడదీశారు. కులం మనుషులను గదులుగా విడగొట్టిన తీరును చెప్పే కథకు ఇంతకంటే తగిన రూపకల్పన ఊహించటం కష్టం.

మాటలను చూపే పద్ధతిలోనూ అంతే. మెత్తని మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి. విషం కక్కే మాటల తోకకు తేలు కొండి ఉంటుంది. మనసులోని మాటకు ఒక కన్ను గుర్తు. చదువురాని వారు సైతం ఎవరి మాట కుట్టిందో పోల్చుకోగలరు. రైలు పామవుతుంది. బడోదాలో నిలువ నీడ దొరకని అంబేద్కర్ దేహమే తోటగా మారుతుంది. దాహంతో మొదలైన కథ 1927 నాటి మహద్ చెరువు పోరాటానికి చేరేసరికి, సభలో మాటను వినిపించే పరికరాలు నీరు చిలకరించే జల్లులవుతాయి. ఇవి కంటికి ఇంపుకోసం చేర్చిన నగిషీలు కావు. తీసివేస్తే కథే నిలవదు. సమకాలీన సంభాషణలు, పత్రికా వార్తలు కొన్ని పుటల్లో బొమ్మలను అణగదొక్కిన మాట నిజం. అయినా ఒక ఆదివాసీ సంప్రదాయం మరో పీడిత సమూహపు చరిత్రను తన సొంత వ్యాకరణంతో చెప్పగలదని ఈ గ్రంథం నిరూపించింది.

నమూనా వేరు, నడక వేరు

ఇక ముప్పు సంగతి. మధ్యప్రదేశ్ గోండు చిత్రకళకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. అది హర్షించదగిన పరిణామమే. ఈ గుర్తింపు పేరుకు రక్షణ ఇస్తుంది, పాటకు ఇవ్వలేదు. ఈ సంప్రదాయంలో ఒక్కొక్క చిత్రకారుడు దేహాలను నింపటానికి ఒక్కొక్క రేఖా నమూనాను తన సంతకంగా ఎంచుకుంటాడు. నేడు రెండు వాక్యాలు చెబితే యంత్రాలు క్షణంలో గోండు శైలి బొమ్మను గీసి ఇస్తున్నాయి. అందులో చుక్కలుంటాయి, గీతలుంటాయి, కొమ్మలు మొలిచిన లేడి ఉంటుంది. లేనిది ప్రశ్న. ఈ కొత్త వస్తువు మాలో ఎవరికి బంధువని యంత్రం అడగదు. దానికి బంధువులు లేరు. పాత బొమ్మలన్నీ కలిపినా, కోడిపుంజును గడియారంతో కలపాలన్న ఆలోచన వాటిలో నుంచి దానంతటదే పుట్టదు. అది కోడి కూతకు నిద్రలేచి, గడియారం చూసి పనికి పరుగెత్తిన మనిషికి పుట్టిన ఆలోచన.

ఈ ప్రశ్న తెలుగువారికి దూరపు సంగతి కాదు. ఆదిలాబాద్ ప్రాంతపు రాజగోండులకు కూడా పర్ధాన్లు వంశగాయకులే. అక్కడ వారి తంత్రీవాద్యం ‘కిక్రి’. ఆ జిల్లాలోని గుంజాల గ్రామంలో లభించిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. పూర్వుల అక్షరాలు కంప్యూటర్ తెరకెక్కాయి. అయితే అక్షరానికి యంత్రంలో స్థానం దొరకటం సగం పని మాత్రమే. ఆ గ్రామంలో పెద్దలు పిల్లలకు లిపి నేర్పుతూ వచ్చారు; ఆ పిల్లలు ఆ అక్షరాలతో తాము చూసిన కొత్త సంగతి ఒకటి రాసుకున్ననాడు మిగతా సగం నెరవేరుతుంది.

కనుక వారసత్వాన్ని కాపాడటమంటే నమూనాలను భద్రపరచటమొక్కటే కాదు. మ్యూజియంలో బానా వాద్యం ఉండవచ్చు. దానిని వాయించే వేళ్ళు కూడా ఉండాలి. పాటన్‌గఢ్ పిల్లవాడికి చుక్కలు పెట్టటం నేర్పే శిక్షణతోపాటు, తాత నోట వానపాము కథ వినే తీరిక కూడా దక్కాలి. ఆ కథ విన్నవాడు రేపు ఏ నగరానికి వెళ్ళినా, ఏ యంత్రాన్ని చూసినా దానికొక చుట్టరికం కలపగలడు. వినని వాడికి చుక్కలు మాత్రమే మిగులుతాయి.